కాటా

నేపాల్‌గంజ్ నుంచి సిమికోట్‌కి
గాలిదారిన రెండువందల పైచిలుకు కిలోమీటర్లు,
యాభై నిమిషాలు.
గోడమీద పలకలో అలాగే రాసుంది.
రాసినవాడు ఎప్పుడూ ఎక్కలేదు.
నేనూ ఎక్కలేదు.
ఇరవై రెండేళ్లుగా ఎక్కేవాళ్లని తూస్తున్నాను.

బియ్యం బస్తా, సోలార్ పలక, పెళ్లి ట్రంకుపెట్టె,
మేకుల డబ్బా, మేకుల డబ్బా తాలూకు కంట్రాక్టరు
అందరూ ఒకే కాటా ఎక్కాల్సిందే.
చిన్న విమానం, కొండగాలి.
బరువు దగ్గర అబద్ధమాడితే అది ఒప్పుకోదు.

జేఠ్ నెల చివర జౌకలా రోకాయ వచ్చింది.
కాన్పుకని దిగినప్పుడు చూశాను, నిండుగా ఉండేది.
ఇప్పుడు నలభై తొమ్మిది కిలోలు,
చేతుల్లో విడిగా ఓ శాలువా మూట.
"దీన్నీ తూచు చాచా."
చంటిపిల్లకి టికెట్టు లేదమ్మా, తూకమూ లేదు.
"అయినా తూచు."
రెండు కిలోల తొమ్మిదొందలు.

అప్పుడే మోగింది ఫోను.
అవతల ఛేవాంగ్ లామా, ఆ ఊరి కాటా మనిషి.
"మబ్బు. రన్‌వే ఆ చివర నాకే కనపడ్డం లేదు."

మర్నాడూ మబ్బే.
మూడోనాడు గాలి.
నాలుగోనాడు ఆకాశం బాగుంది, విమానం బాగాలేదు.
ఇక్కడ తారు కరిగి చెప్పులకి అంటుకుంటుంటే
అక్కడ ఆమె మామగారు
పొయ్యి దగ్గర్నుంచి కదలడం లేదట.

రోజూ పొద్దున్నే వచ్చేది.
సామాను బెంచీ మీద పెట్టకముందే
పిల్లని కాటా మీద పెట్టేది.
చుట్టూ అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం,
మా ఊపిరి ఎక్కడ ఆ ముల్లుని కదిలిస్తుందోనని.
రెండు తొమ్మిదొందల యాభై.
మూడు.
ఎనిమిదో రోజుకి టీకొట్టువాడు పందెం కాశాడు,
గేటు పోలీసు ఓడిపోయాడు.
పదో రోజు అంకె కదలకపోతే
వరుసలో వెనకున్న గొర్రెల వ్యాపారి
మాట్లాడకుండా బజారుకెళ్లి
పాలు పడాలని పావుకిలో వాము తెచ్చాడు.

నడిస్తే ఎంత దూరమని అడిగాను ఓసారి.
రోజుల్లో చెబుతుందనుకున్నా.
"మా అత్త మొదటిసారి దిగినప్పుడు
రెండు జతల చెప్పులు పట్టిందట" అంది.

పదమూడో రోజు ఆకాశం కడిగిన కంచం.
మూడు కిలోల మూడొందలు.
ఎక్కేటప్పుడు చెయ్యి ఊపలేదామె,
ఊపడానికి ఖాళీ చెయ్యి లేదు.
విమానం సీతాఫలం గింజంతయ్యేదాకా చూసి
లోపలికొచ్చి రిజిస్టరు తీశాను.
దూరం గడిలో రాశాను:
నాలుగొందల గ్రాములు.
సాయంత్రం మేనేజరు దానిచుట్టూ
ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు.

యాభై కాదు, యాభై నాలుగో నిమిషాన ఛేవాంగ్ ఫోను.
దిగారట.
చెప్పకుండానే పిల్లని తూచాడట.
"మూడు కిలోల రెండొందలు."
మూడొందలు కదా?
"రెండొందలే. నా కాటా తప్పంటావా?"
మరి నాది తప్పా?
ఇరవై రెండేళ్ల ఫోను స్నేహంలో
మొదటిసారి అరుచుకున్నాం.
ఆ కొండల మీద, ఎక్కడో మధ్యలో
నా వంద గ్రాములు ఎక్కడ జారిపోయాయి?

కాసేపు తీగలో గాలి చప్పుడు.
ఎవర్నో అడిగొచ్చి
వాడే నెమ్మదిగా అన్నాడు:
"దారిలో తడిపేసిందట.
శాలువా మార్చారు."