ఖాళీ గడి

రాజోలు కాలవ గట్టు మీద, మందుల షాపు మేడపైన
పన్నెండు మెట్లెక్కితే నా ఆఫీసు.
గోడకి నేనే గీసిన పట్టిక,
ఎడమ పక్క దేశాలు, పైన నెలలు.
ఆకుపచ్చ వేస్తే వెళ్ళమని, ఎరుపైతే వద్దని,
పసుపంటే మీ అదృష్టమని.

జపాన్లో పూలు చూడాలంటే మార్చి చివరి వారం,
ఒక్క గట్టి వాన పడిందా, రేకులన్నీ ఏటి పాలు.
కెన్యాలో మందలు మొసళ్ళ ఏరు దాటేది ఆగస్టులో.
ఈజిప్టుకి డిసెంబరు, లడాఖ్‌కి జూలై.
నార్వే ఆకాశం పచ్చగా వెలగాలంటే
చలికి ఒప్పుకోవాలి, మబ్బులేని రాత్రికి మొక్కుకోవాలి.
అన్నీ ఎక్కాల్లా నోటికొచ్చు.
చూసినవి కావు.
నా పాస్‌పోర్టులో ఒక్క ముద్ర లేదు.

కొత్తపేట డాక్టరుగారి దంపతులకి వెనిస్ కావాలి,
అదీ నవంబరులో.
"అప్పుడు సముద్రం వీధుల్లోకొస్తుందటండీ,
బల్లలు వేసుకుని నడుస్తారట!"
మనిషికి మూడు లక్షల ఎనభై వేలు, తిండి కాక.
పక్క కుర్చీలో అప్పనరామునిలంక పడవ సత్తెయ్య
తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు.
"మా వీధిలోకి ఏటా వస్తాది మేడం,
శ్రావణంలో. టిక్కెట్టు పెట్టమంటారా?"

ఆ సాయంత్రమే పట్టిక అడుగున ఓ వరస కలిపాను.
మన ఊరు. పన్నెండు గడులూ ఖాళీ.

టీకొట్టు నూకరత్నం భాద్రపదమంది,
ఎర్రనీటికి పులస ఎదురెక్కే రోజులు,
ధర విని వాసనతో సరిపెట్టుకునే రోజులు.
కండక్టరు జోసెఫ్ నవంబరుకి దగ్గరుండి ఎరుపు కొట్టించాడు.
తొంభై ఆరులో ఒక్క రాత్రికి
వాళ్ళ తోటలో నూట నలభై కొబ్బరిచెట్లు
తలల్లేకుండా తెల్లారాయట.
జనవరి మంచిదే, పొద్దున్న మంచుకి
అవతలి ఒడ్డు ఉందని నమ్మి ఎక్కాలి పంటు.
మే నెల మాట ఎవరూ ఎత్తలేదు.

కువైట్ నుంచి దయామణి ఫోను.
"నెల సెలవిచ్చారమ్మా, రెండేళ్ళకి. ఎప్పుడొస్తే బాగుంటాది?"
ఆమెని పంపింది నేనే, ఆగస్టులో.
నా పట్టికలో ఆ గడి నిండా ఎరుపు.
వీసాకి రంగులు తెలీవు.
డిసెంబరు చెప్పాను. చల్లగా ఉంటుంది, క్రిస్మస్ కూడా.
"కాదమ్మా. కాలవకి నీళ్ళొదిలే రోజుకి రావాలి."

ఏప్రిల్లో కట్టేస్తారు కాలవ.
నెర్రెలిచ్చిన అడుగున ఒంటి చెప్పులు, సొట్ట చెంబులు,
ఎవరూ నాదనని సైకిలు.
ధవళేశ్వరంలో తలుపులెత్తాక
మా వంతెన దాకా రావడానికి రెండు రోజులో, మూడో.
ముందు వాసనొస్తుంది.
వెనక నురగనీ ఎండుటాకుల్నీ తోసుకుంటూ
మనిషి నడకంత వేగంతో నీళ్ళ మొన.
చిన్నప్పుడు దయామణి దాని ముందు
వెనక్కి వెనక్కి నడిచేదట,
కాలి బొటనవేలికి తగిలేదాకా.

"తారీకు చెప్పు, టిక్కెట్టు తీస్తాను" అన్నాను.
"మీరే చెప్పాలమ్మా, అందరికీ చెప్తారుగా."

లాకుల దగ్గర సూపర్‌వైజరుకి ఫోను చేశాను.
"పైనుంచి ఆర్డరు రావాలండి. జూన్ ఒకటంటన్నారు.
పదిహేనవ్వచ్చు. ఆయ్, చెప్పలేమండి."
ఎక్కడో క్యోటోలో మొగ్గ ఏ రోజు విచ్చుతుందో
ముందే చెప్పగలను.
నా కిటికీ కిందికి నీళ్ళెప్పుడొస్తాయో తెలీదు.

మే ఇరవై ఎనిమిదికి తీశాను. తిరుగు జూన్ ఇరవై ఏడు.
జూన్ కదా, ధర రెట్టింపు,
తారీకు మారిస్తే ఇంకో పదకొండు వేలు.
నా కమీషను వదిలేశానని ఆమెకి చెప్పలేదు.

తర్వాత పసుపు పెన్సిలు తీసి,
మేకీ జూన్‌కీ మధ్య, గడిలో కాదు,
గీత మీదే దిద్దాను.
అలా ఏ దేశానికీ వెయ్యలేదు ఇంతవరకూ.
మొన విరిగింది.
కింద కాలవలో ఆ ఒంటి చెప్పు
ఇంకా అక్కడే ఉంది.