అర కాదు

టిబిలిసి నగరం కింద, చాలా లోతున,
ఎస్కలేటర్ అడుగున ఒక గాజు గది.
గదిలో కుర్చీ, మైకు, ఒక ఎర్ర మీట.
కుర్చీలో లమారా.
పరుగెత్తొద్దు, పక్కపట్టీ పట్టుకోండి, పిల్లల్ని ఎత్తుకోండి.
పదకొండేళ్ళుగా జనానికి ఆమె గొంతంటే ఇంతే.

తెమూర్ ఆ మెట్లు బాగుచేసే మనిషి.
నవంబరులో ఒక పెర్సిమన్ పండు తెచ్చాడు, బాగా మగ్గింది.
ఎవరైనా తెస్తారు. తింది, గింజలు రుమాల్లో చుట్టింది.
తర్వాత ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన అక్రోటు దండ.
తర్వాత ఉత్త చేతులతో వచ్చి
తలుపు చట్రానికి భుజం ఆనించి నిలబడ్డాడు.
"ఈ రాత్రి వైను తాగుదాం."
"ఈ రాత్రి కుదరదు," అంది.
అతను ఆ మాటలోంచి కుదరదు తీసి పారేసి
ఈ రాత్రి ఒక్కటే జేబులో వేసుకున్నాడు.
అంటే రేపు.

అక్క ఇంటికెళ్ళాలి అంది. అక్క ఎక్కడుంటుంది అన్నాడు.
తలనొప్పి అంది. మాత్ర తెచ్చాడు.
భర్త పోయి మూడేళ్ళే అయింది అంది.
పోయిన మనిషిని అడ్డం పెట్టుకుని దాక్కున్నట్టనిపించి
ఆ రాత్రి రొట్టె మింగుడుపడలేదు.

మెట్లు చూస్తూ కూర్చునే ఉద్యోగం.
ఆమెకు తెలుసు, కింద మాయమైన మెట్టు
పోయినట్టు కాదు. చుట్టు తిరిగి వస్తుంది.

ఒక మంగళవారం, ఆఖరి రైలు వెళ్ళాక,
పైన బస్టాపులో ఉన్నాడు.
అతని ఇల్లు అటు కాదు.

స్టేషను ఊడ్చే సియాలా చీపురు ఆపకుండానే అంతా విని
"ఇంకెవరికి చెప్పావు?" అంది.
ఎవరికీ చెప్పలేదు.
"అంటే ఇది మీ ఇద్దరికే తెలుసు. వాడికి కావలసిందీ అదే."

వాళ్ళ భాషలో కాదు అనడానికి
రెండే అక్షరాలు: అరా.
మన చెవికి సగంలా వినిపిస్తుంది,
అర చెంచా, అరమనసు, అర తెరిచిన తలుపు.
ఆ శుక్రవారం లమారా కుర్చీలోంచి లేచి,
సియాలా వినే దూరంలో ఉండగా, అంది:
"అరా. నీతో ఎక్కడికీ రాను.
ఈ గదిలోకి రావద్దు. బస్టాపుకి రావద్దు.
మళ్ళీ వస్తే ఈ మాట నీకు చెప్పను, పైవాళ్ళకి చెప్తాను."
కారణం చెప్పలేదు. నవ్వలేదు. ఏమీ అనుకోకు అనలేదు.
చేతులు వణికాయి. కోటు జేబుల్లో పెట్టుకుంది.

"మైకులో మాట్లాడినట్టే మాట్లాడుతున్నావే," అన్నాడు.
ఆదివారం మళ్ళీ వచ్చాడు.

గళ్ళ నోటుబుక్కు. తేదీ, వేళ, అన్న మాట, విన్నవాళ్ళు.
మొదటి పేజీ రాస్తుంటే చాడీలా ఉంది.
మూడో పేజీకి లెక్కయింది.
షిఫ్టు పెద్ద నుగ్జార్ కళ్ళద్దాలు తగిలించుకుని చదివి
"మంచివాడమ్మా. ఒంటరివాడు, పాపం," అన్నాడు.
"పాపం ఏ గడిలో రాయమంటారు?" అంది.
చాలాసేపు ఆ గళ్ళే చూశాడు.
తర్వాత సొరుగు లాగి ముద్ర తీశాడు.

ఆ నెలంతా సియాలా బస్సు దాకా నడిచింది,
మోకాళ్ళ నొప్పిని తిట్టుకుంటూ.
అక్కకి రెండు ఫోన్లు, బస్సెక్కాక ఒకటి,
లోపల్నుంచి గడియ పెట్టాక ఒకటి.

ఫిబ్రవరిలో అతన్ని రెండో లైనుకి మార్చారు.
కొందరు ఆమెతో టీ తాగడం మానేశారు.
వెనక బూటు చప్పుడైతే ఇప్పటికీ మెడ బిగుస్తుంది,
మందుల షాపు వెలుగులోంచి చుట్టు తిరిగి వెళ్తుంది.

ఎర్ర మీట ఈ పదకొండేళ్ళలో నాలుగుసార్లు నొక్కింది.
ఒకసారి ఒక పిల్లాడి బూటు లేసు పళ్ళ మధ్య ఇరుక్కుంటే.
మెట్లు ఆగాయి. పైదాకా జనమంతా తూలారు.
ఎవరో లావుపాటాయన ఆమె తల్లిని తిట్టాడు.
పిల్లాడి కాలికి ఏం కాలేదు.
బూటు మాత్రం పోయింది.