చోటు

శనివారం మూడు గంటలకు
సత్యవేడు రోడ్డులో కంపెనీ క్వార్టర్స్ కాడ
ఏసీ గదిలో ఏడుమంది జపాన్ పిల్లోళ్ళు.
బూట్లు గడప బయట, ముక్కులు వీధి తట్టు తిప్పి,
ఎవురూ చెప్పకుండానే సర్దిపెడతారు.
నా పని పాలు, టీ, మురుకులు.

పాఠం చెప్పేది వేదవల్లి మేడం.
రాయబార కార్యాలయాల్లో ముప్పై నాలుగేండ్లు,
అందులో ఒసాకాలో ఆరు.
రిటైరై తిరుచానూరులో ఇల్లు కట్టుకోని
వారానికోసారి కారేసుకోని వస్తాది.

ఈ వారం పాఠం ఒకే మాట: నో.
"ఇంకో మురుకు కావాల్నా?" అని ఇంగ్లీషులో అడిగితే
కడుపు నిండిన టోమా తల గోక్కున్నాడు,
పండ్ల సందులో గాలి పీల్చినాడు,
"చోట్టో..." అని ఆడికే ఆగిపోయినాడు.
"చోట్టో అంటే కొంచెం, రెడ్డెమ్మా" అని మేడం నవ్వింది.
"కొంచెం అంటే కొంచెం కాదు. వద్దని."
నాకేం వింత కాలేదు.
మా ఓనర్ని అడ్వాన్సు అడిగితే
చూద్దాంలే అంటాడు గదా.
"నా సర్వీసంతా 'పరిశీలిస్తాం' మీద సంతకాలే,
ఈ మాట ఒక్క కాగితంలోనూ రాయలేదు" అనింది.

పోయిన నెల నేనూ ఒకటి అడిగినా.
నా కూతురు ఢిల్లీరాణి, ఏడో తరగతి, సర్కారు బడి,
యెనకాల ఓ మూల కూర్చుంటాదని.
ఫీజు, రూలు, గేటు పాసు...
"చూద్దాం" అనింది మేడం.
నేను పొయ్యి గ్లాసులు కడుక్కున్యా.

ఈ పొద్దు రెండో శనివారం, బడి లేదని తోడుకొచ్చినా.
పాలగిన్నె ఎత్తుకోని లోపలికి పోయిన పాప
టోమా పక్కన బల్ల మీద సంచి చూసింది.
ఇక్కడా? అని కండ్లతోనే అడిగింది.
వాడు తల గోక్కున్నాడు, గాలి పీల్చినాడు,
"చోట్టో..."

"చోటా? ఉందా?" అని
ముఖం చాటంత చేసుకోని
సంచి పక్కకు జరిపి కూర్చునేసింది.

గది గమ్మునైపోయింది.
ఆ రెండు మాటలూ తెలిసినోళ్ళం ఇద్దరమే,
ఆమెకు ఉజ్జోగంతో, నాకు అరగంట కిందట.
మేడం నోరు తెరిచింది.
బోర్డు మీద తాను రాసిన మాటను ఒకసారి చూసింది.
మార్కరుకు మూత పెట్టేసింది.
నేనూ గిన్నె తుడస్తా ఉండిపోయినా.

టోమా తన మురుకు విరిచి
దాని పక్కకు జరిపినాడు.
సగమేం కాదు.
కొంచెం.