దాటని గొర్రె

ఆర్మిడేల్‌లో మే నెల. బుధవారం పొద్దున ఎనిమిది.
కిటికీ అద్దం మీద మంచు ఇంకా విడవలేదు.
ఇమోజెన్ టీచరు బోర్డు మీద రాసింది:
"ఏమీ జరగలేదు అనుకుందాం."
అదే మొదటి మెట్టట. శూన్య పరికల్పన.

పశువుల డాక్టరుగా ఏడేళ్లు చేసి వచ్చినదాన్ని.
గొర్రె కనురెప్ప మెల్లగా తిప్పి
లోపలి ఎరుపు ఎంత పాలిపోయిందో చూసి
కడుపులో పురుగుల సంగతి చెప్పేసేదాన్ని.
ఏమీ జరగలేదని మొదలుపెట్టడం
ఈ చేతులకు ఎవరూ నేర్పలేదు.

క్లాసులో పదకొండు మందిమి.
నా పక్కన సొలొమోనె, టోంగా నుంచి, నర్సింగు.
వెనక బెంచీలో యాభై దాటిన డెస్మండ్,
చర్చి గంటల చరిత్ర మీద పరిశోధన.
గంటలకి సగటు ఎందుకో ఆయనకీ తెలీదు,
డిపార్ట్‌మెంటు పొమ్మంది, వచ్చాడు.

శాంపిల్ ఎంతుండాలి అన్న మాట వస్తే
అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
ఒక్క మెతుకు చాలు కదా అన్నాను.
అందరూ నవ్వారు. ఇమోజెన్ నవ్వలేదు.
"మరిగే నీళ్లు మెతుకుల్ని కలుపుతూనే ఉంటాయి.
నీ గొర్రెల్ని ఎవరు కలిపారు?"
ఆ రాత్రి నా అన్నం అడుగంటింది.
పై మెతుకు మాత్రం పువ్వులా ఉంది.

పీ-విలువ మూడు వారాలు అర్థం కాలేదు.
పుస్తకంలో ఆ వాక్యం
తడిసబ్బులా జారిపోయేది.
ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే
తెలుగులో తట్టింది:
కాకి వాలింది, తాటిపండు పడింది.
కాకికి బరువే లేదనుకో.
అయినా సరిగ్గా ఆ క్షణానే పండు
వందసార్లలో ఎన్నిసార్లు పడుతుంది?
ఇక్కడ తాళ్లు లేవు. యూకలిప్టస్ కొమ్మ మీంచి
ఒక మాగ్‌పై నన్నే చూస్తోంది,
అడిగింది దాన్నే అన్నట్టు.

మందు తాగిన గొర్రెలు పన్నెండు, తాగనివి పన్నెండు.
పెంటికలు ఉప్పునీళ్లలో మెదిపి
మైక్రోస్కోపు కింద గుడ్లు లెక్కపెట్టి
యాభైతో హెచ్చవేసి, హెచ్చవేసి
శనాదివారాలు ఒడిసిపోయాయి.
నా జాకెట్టు వాసనకి
సొలొమోనె ఒక్కడే పక్క సీటు మార్చలేదు.

ఫలితం: సున్నా పాయింట్ సున్నా ఆరు.
ఐదుకి కాస్త తగ్గితే గట్టెక్కేదాన్ని.

గ్రాఫులో ఒక చుక్క, ఎక్కడో పైన, ఒంటరిగా.
చెవి ట్యాగు నాలుగు వందల పదిహేడు.
మందు తాగినదే. గుడ్లు నాలుగు వేల రెండు వందలు.
దాన్ని తీసేస్తే సున్నా పాయింట్ సున్నా ఒకటి.
తీసేశాను. మళ్లీ పెట్టాను. తీసేశాను.
అర్ధరాత్రి దాకా అదే పని.

"రాయడంలో తప్పు దొర్లిందా?" అడిగింది ఇమోజెన్.
లేదన్నాను.
"మందు కక్కేసిందా?"
లేదు, నేనే గొంతు నిమిరి మింగించాను.
"అయితే అది నీ మందలోదే."

గొర్రెదాటు అంటాం కదా,
ముందుది గెంతితే వెనకవన్నీ గెంతుతాయని.
ఇరవై మూడు నా లెక్క వెంట బుద్ధిగా నడిచాయి.
ఇదొక్కటి దాటలేదు.

మర్నాడు తెల్లారకుండా బూట్లేసుకుని వెళ్లాను.
గడ్డి పటపటా విరుగుతోంది కాళ్ల కింద.
కంచె వారన, మందకి ఎడంగా,
ఊపిరి పొగలు కక్కుతూ నిలబడి ఉంది.
తల మోకాళ్ల మధ్య పట్టుకుని
పాత అలవాటు కొద్దీ కనురెప్ప తిప్పాను.
తెలుపు. సున్నం కొట్టిన గోడంత తెలుపు.
నాలుగు వారాలుగా దాని పెంటికలే చూస్తున్నాను,
మొహం చూడలేదు.
ప్రయోగం ఎటూ అయిపోయింది.
వేరే సీసాలోంచి మోతాదు కొలిచి పట్టించాను.

రిపోర్టులో ఆరు ఆరుగానే ఉంచాను.
కింద ఒక్క వాక్యం:
నాలుగు వందల పదిహేడుని తొలగించలేదు,
దానికి ఈ మందు పనిచెయ్యలేదు.

వందకి డెబ్బై ఒకటి వచ్చింది.
క్లాసు సగటు డెబ్బై మూడు.
ఫస్టు డెస్మండ్, తన గంటలతో.