ముందు ఏ చెయ్యి

చొక్కా విప్పమన్నాను.
కర్రోతు గవరయ్య ముందు ఎడమ చెయ్యి లాక్కున్నాడు.
తర్వాత కుడి చేతి మీంచి చొక్కాని
పచ్చిపుండు మీంచి గుడ్డ తీసినట్టు
మెల్లగా జార్చాడు.
అక్కడికే నా పరీక్ష అయిపోయింది.
కాయితంలో దానికి గడి లేదు.

విజయనగరంలో, కోట వెనక వీధిలో
రెండు గదుల ఫిజియోథెరపీ మాది.
గోడ మీద కండల బొమ్మ.
తోలు లేని ఎర్రటి మనిషి ఎటో చూస్తుంటాడు.
జూట్ మిల్లు వాళ్లు పంపిన ఫారం బల్ల మీద:
పనికి తగును, పనికి తగడు.
రెంట్లో ఒకటి కొట్టెయ్యాలి.

ముప్పై ఒక్క ఏళ్లు నార బేళ్లు మోసిన భుజం.
"నొప్పి లేదమ్మా. నానేటి ముసిలోణ్ణా?
ఆ సూపర్‌వైజరు ఊరికినే రాసీసినాడు."

ముందు ఎడమ భుజం చూశాను.
బాగున్నదాన్నే ముందు చూడమని మా మేడం నేర్పింది.
బాగుండటమంటే ఏమిటో ఆ మనిషి దగ్గరే తెలుసుకుని
అప్పుడు రెండోదాని దగ్గరికి పో, అనేది.

ఎడమ చెయ్యి లేచింది, కాంప్లెక్సు దగ్గర బస్సు ఆపినట్టు.
కుడిది అరవై డిగ్రీల దాకా బాగానే వచ్చింది.
అక్కణ్ణించి నూట ఇరవై దాకా సన్నటి వంతెన,
నొప్పి కాపలా కాసే చోటు.
గవరయ్య ఆ వంతెన ఎక్కలేదు.
భుజాన్ని చెవి దాకా ఎగరేసి, నడుం పక్కకి వంచి,
మడుగు చుట్టి గట్టు మీంచి పోయినట్టు
చేతిని పైకి చేర్చాడు.
"సూసినారా!"
చూశాను.

డబ్బా వంపే పరీక్ష.
చేతులు ముందుకి చాచి, బొటనవేళ్లు నేలకి తిప్పి
డబ్బాలో నీళ్లు పారబోస్తున్నట్టు నిలబడాలి.
నేను పైనుంచి రెండు వేళ్లతో అదుముతాను. అంతే.
బేళ్లు ఆగిన చోట
నా రెండు వేళ్లు ఆగలేదు.
"డబ్బా కాళీ కదమ్మా, బరువేటుంటాది" అని నవ్వేశాడు.
పై పెదవి మీద చెమట.

వీపు గీక్కోమంటే
ఎడమ చెయ్యి రెక్క ఎముక దాకా పాకింది.
కుడిది మొలతాడు దగ్గరే ఆగిపోయింది.
"అక్కడ దురద లేదు" అన్నాడు.

ఈ పరీక్షలన్నిటికీ ఎవరెవరో దొరల పేర్లు.
కొత్తలో అవి ఒక్కటీ వరసగా వచ్చేది కాదు.
ఇప్పుడు అవే వస్తున్నాయి,
వచ్చిన మనుషుల పేర్లు మర్చిపోతున్నాను.

చివరిది. చెయ్యి నేను ఎత్తి వదుల్తాను,
మీరు మెల్లగా దించాలి, అన్నాను.
మెల్లగా దించడం ఎత్తడం కన్నా కష్టం.
బేలు మోసినవాడికి నేను చెప్పాలా.
సగం దాకా దించాడు. అక్కడ
చెయ్యి ఎవరిదో అయినట్టు పడిపోయింది.
తన తొడ మీద తనే చరుచుకున్న చప్పుడు.

కాసేపు ఇద్దరం ఫ్యాను వైపు చూశాం.

అప్పుడు అడిగాడు, గొంతు తగ్గించి:
"రేత్రి ఆ పక్కకి తిరిగి తొంగోలేనమ్మా.
మూడు నెల్లయింది. గోడకేసి సూత్తా పడుంటాను.
కోపమొచ్చిందేటని మా యింటిది అడుగుతాది.
ఇదీ మీ పొత్తకంలో ఉందేటి?"

ఉంది. రాత్రి నొప్పి అని ఒక్క వాక్యం.
గోడ లేదు అందులో. మీ ఆవిడ లేదు.

స్కానింగుకి రాశాను.
కండని ఎముకకి కట్టే నరం లాంటిది
తెగిందో, నలిగిందో అది చెప్పాలి.
నా వేళ్లకి తెలిసేది అనుమానం దాకానే.
ఫారం అలాగే ఉంది.
తగడు అంటే జీతం పోతుంది,
తగును అంటే భుజం.
పెన్ను మూత తీశాను, పెట్టేశాను.
"పది రోజులాగి రండి, ఇంకా పరీక్షలున్నాయి."
లేవు. అన్నీ అయిపోయాయి.

చొక్కా తొడుక్కుంటున్నాడు.
నేను చూస్తున్నానని తెలిసి
పంతంగా ఈసారి ఎడమ చెయ్యే ముందు దూర్చాడు.
కుడి చేతికి దారి దొరకలేదు.
ఖాళీ చొక్కా చెయ్యి వీపు మీద వేలాడుతుంటే
వెనక్కి వెళ్లి పట్టుకున్నాను.