శాంపిలు సీసా

రాత్రి ఎనిమిది దాటినంక గడియారం సెంటర్ల
షట్టరు సగం దించుకొని
జానీమియా సైకిల్ షాపుల రేసు చూస్తం.
పంక్చరు తొట్టి అంచుకు ఆనిచ్చిన ఫోను,
అందుల ఎక్కడిదో కొండ, దాని మీద ఎండకాలం మంచు,
నూటెనభై మంది ఒక్క పాము లెక్క పాకుతుంటరు.

"నువ్వు ల్యాబోనివి గదా, చెప్పు
వీళ్లల్ల సాఫ్ టీమేది?"

ఆయనకు ఆయన లెక్కుంది.
తెల్లంగీలోళ్లు సాఫంటడు,
మొన్న వానల ముగ్గురు వెనకబడ్డరు,
ఒకడైతే గోడకానుకొని కక్కిండు.
నల్లంగీలోళ్ల మీదనే అనుమానం:
"ఎనిమిది మందికి ఎనిమిది మంది
నోరు మూసుకొని కొండెక్కిండ్రు!
మనం రామగిరి చడావు ఎక్కుతనే
కొలిమి తిత్తులమైతం."
నీలం జట్టు డాక్టరు పాతోడేనట,
పదేండ్ల కింద దొరికిన జట్టుల సూదులు మోసినోడేనట.
"కుండ కొత్తది, నీళ్లు పాతయి."
ఆకుపచ్చోళ్లకు పైసల్లేవు గదా, వాళ్లు సాఫేనా అంటె
"పైసల్లేనోడు సస్తా మందు తాగుతడు"
అని తనే నవ్విండు, తనే ఆపిండు.

నేను మాట్లాడను.
ఇరవై రెండేండ్లు బోరు నీళ్లు పరీక్ష చేసినోన్ని.
మందు చుక్కలేస్తె
గులాబి గులాబిగనే ఉంటె తాగొచ్చు,
పసుపుకు తిరిగితె ఫ్లోరైడు.
ఇంతే నా విద్య.
రంగు సీసా సంగతే చెప్తది,
సీసాను ఎవరు నింపిండ్రో చెప్పదు.

చండూరు అవతల ఒక ఊరు, పేరెందుకు,
సీసా మీద చీటీ బడి కాడి బోరుదనే ఉండె.
గులాబి నిలిచింది, సంతకం పెట్టిన.
నాలుగేండ్లకు అదే బడికి పోతే
పిల్లలు అరచేతులడ్డం పెట్టుకొని నవ్విండ్రు.
ఆనాటి సీసాల నీళ్లు సర్పంచింటి క్యానుయట.
"రిపోర్టు చెడితె బోరు మూస్తరు గద సార్"
అటెండరు చాయ్ ఊదుకుంట చెప్పిండు.
"ఏమీ దొరకలేదు" అని నేను రాసిన.
"ఏమీ లేదు" అని వాళ్లు చదువుకున్నరు.
ఆ రెండు మాటల నడుమ
కొన్ని మోకాళ్లు వంగినయి.

జానీమియా ట్యూబు తొట్టిల ముంచిండు.
బొక్క ఉన్న కాడ బుడగ లేసింది.
"నీ సీసా కన్న నా తొట్టి నయం!"
కాని సన్న లీకులుంటయి,
తొట్టిల సప్పుడు చెయ్యయి,
మనిషెక్కి మిర్యాలగూడ తొవ్వ పట్టినంకనే ఊపిరిడుస్తయి.
ఆయనకూ ఎరుకే.
ఎరుకే గనుక ట్యూబును చెవి కాడ పెట్టుకొని
ఇంకొంచెం సేపు విన్నడు.

షాపు పిలగాడు సైదులు రిమ్ము తిప్పుతున్నడు.
మొన్న సాగర్ రోడ్డు మీద జిల్లా రేసుల నాలుగోడు.
కప్పులు ముగ్గురికే,
గుసగుసలు గూడ ఆ ముగ్గురి మీదనే,
నాలుగోన్ని ఎవ్వరూ ఏమీ అడగరు.
ముందునాడు జిమ్ము మాస్టరు పొట్లమొకటి ఇచ్చిండని
వాడే నాకు చెప్పిండు.
మింగినవా అని నేనడగలే.
అడిగితె చెప్పేటోడేనేమో.
వాని చేతులు చూసిన, గ్రీసు.
ముఖం చూసిన, పదిహేడేండ్లు.

ఫోనుల నల్లంగీ చేతులు లేపింది.
"చెప్పలే?" అని జానీమియా షట్టరు దిక్కు లేసిండు.
సైదులు మాత్రం గెలిచినోని ముఖం గాదు,
వాని కిందున్న సైకిలు చూస్తున్నడు
రెప్ప కొట్టకుండ.
"సారూ, నిజంగ సాఫోడు గెలుస్తడా?"

నా గొంతెండింది.
మూలకు బిందె, బిందె మీద చెంబు.
ముంచుకొని తాగిన.
ఏ బోరు నీళ్లో
అడగలే.