రెండు చుక్కల పక్కన

గాలా క్యాంపు, మూడో రూము, పై మంచం.
ఫ్యాను నా నెత్తికి మూరెడు దూరంల తిరుగుతది.
తొడ మీద సజీవన్ అమ్మిన పాత ల్యాప్‌టాప్,
దాంట్ల మా మాటలకు ఇండ్లు కడుతున్న.

ఒక్కో మాటకు ఒక్కో పేజీ.
పైన మాట, కింద దాని అర్థం,
అర్థం కింద "వర్గం", పక్కన రెండు చుక్కలు,
ఆ కిందికెల్లి ట్యాగులు.
అచ్చు ఒక్కటే చేసిన, ఇటుకలచ్చు లెక్క.
మాట మారుతది గని మూలలు మారయి.

వర్గమంటే రేషన్ కార్డు, ఒక్కింట్లనే పేరుండాలె.
ట్యాగంటే చుట్టరికం,
ఎవలెవలకు ఏమైతవో ఎవడు లెక్కవెడ్తడు?
"బతాకా": వర్గం అరబ్బీ. ట్యాగులు జేబు, పోలీసు, భయం.
"జల్దీ": వర్గం ఉర్దూ. ట్యాగులు ఎండ, లిఫ్టు, నాసర్.
"సద్ది": వర్గం తెలుగు. ట్యాగులు తిండి, తెల్లారగట్ల,
ఆఖరుకు ఉత్త కామా ఒకటి
ఇంకెవలో రావాలన్నట్టు గోడకానుకొని నిలవడ్డది.
ఆఖరిదాని తర్వాత కామా వద్దని అచ్చుకు నేర్పనీకె
రెండు శుక్రారాలు పట్టినయి.

గడబిడంత "మాఫీ" కాడ.
మా మెట్‌పల్లి దిక్కు మాఫీ అంటే బాకీ కొట్టేసుడు.
సొసైటీ గోడకు లిస్టు అంటిస్తే
మా పెద్దనాయిన వేలువెట్టి ఎతికిన మాట.
ఈడ మాఫీ అంటే లేదు.
నీళ్లు మాఫీ. ఓవర్‌టైము మాఫీ. బస్సు మాఫీ.
రెండింటికీ అవే రెండక్షరాలు.
ఏ ఇంట్ల పండవెట్టాలె దీన్ని?
వర్గం రాయకుంటనే వదిలేసిన.
పేజీ తెరిస్తే
"వర్గం", రెండు చుక్కలు, పక్కన తెల్లటి జాగ.

గంగనర్సుకు సదువు రాదు, ఇనుడు వస్తది.
కింది మంచం మీద మోకాళ్లకు నూనె రాస్తుండు.
"ట్యాగుల పక్కన అంకెలేందిరా?"
"గా ట్యాగుల ఎన్ని మాటలున్నయో అది."
"సదువు."
జీతం నలభై ఒకటి. తిండి ఇరవై రెండు. ఎండ పంతొమ్మిది.
నవ్వు రెండు.
"రెండేనా?"
నూనె సీసకు మూతవెట్టుడు మర్సిపోయిండు.

ఇగ రూమంత లేసింది.
సిల్హెట్ రుకన్ ఒక మాట చెప్పిండు,
అర్థమడిగితే దుప్పటి కప్పుకున్నడు.
సజీవన్ పడవోళ్ల తిట్టు ఒకటిచ్చిండు,
తిట్టేనట గని, నవ్వుకుంటనే తిట్టాలెనట.
బతాకాల రోడ్డు కూలీ అని రాసున్న గంగనర్సు
సిరిసిల్ల సాంచెల కాడి మాట తీసిండు:
పోగు తెగితే సేటుకు కనవడకుంట ముడేసే ఒడుపుకు
వాళ్ల గల్లీల ఒక పేరున్నదట.
"అది నవ్వుల ఎట్ల పడ్తదే?"
"మా సేటు మొఖం యాదికొస్తే పడ్తది."

బిల్డ్ కొట్టిన. రెండు సెకండ్లు.
పొద్దంత నేను పరంజా ఎక్కే పనిని సుత బిల్డే అంటరు,
పద్నాలుగు నెలలాయె, ఇంక ఐదో అంతస్తే.
నవ్వు పక్కన తొమ్మిది.

పండుకునే ముందు అచ్చుకు ఇంకో షరతు రాసిన:
వర్గముంటే చూపు, లేకుంటే ఆ పేరే ఎత్తకు.
మాఫీ పేజీల రెండు చుక్కలు మాయం.
మంచిగనే ఉన్నది.
ఎందుకో మనసొప్పలే.
షరతు తీసేసిన.

పొద్దుగాల బస్సుల ఫోన్ తెరిస్తే
ఎనుక సీటుకెల్లి ఫోర్‌మన్ నాసర్ తొంగిచూసిండు.
మా అక్షరాలు రావు ఆయనకు.
ఆ తెల్లజాగ మీద వేలువెట్టి
ఈడ ఏం రాసున్నదని సైగ చేసిండు.

"మాఫీ" అన్న.

బస్సంత ఒక్కసారే నవ్వింది, నాసర్ సుత.
సాయంత్రం ఆ పేజీకి ఇంకో ట్యాగు తగిలియ్యాలె.